వెబ్ పుటల విడిభాగములు

పరీక్షా ఫలితములు చూచుకొనుటకు, రైలు టిక్కెట్టు కొనుటకు, బ్యాంకు ఖాతాలో నిలువ ఎంత ఉన్నదో తెలిసికొనుటకు నేడు పిన్నలును పెద్దలును వెబ్ పుటలనే తెరచుచున్నారు. ఈ పుటలకు ఒకదానితో మరొకదానికి సంబంధము లేకపోయినను వాటిలో కనుపించు సామగ్రి మాత్రము ఇంచుమించు ఒక్కటే. నొక్కుటకు ఒక బటన్, పేరు వ్రాయుటకు ఒక గడి, జిల్లాను ఎన్నుకొనుటకు క్రిందికి జారు ఒక పట్టిక, తేదీల కొరకు ఒక క్యాలెండరు, పని జరుగుచున్నంతసేపు గిరగిర తిరుగు ఒక చక్రము. వీటినే అటునిటు మార్చి అన్ని పుటలలోను అమర్చుచుందురు. తలుపు చేయు వడ్రంగి మేకులను, మరలను, బందులను తానే పోత పోసికొనడు. కొట్టులో కొని తెచ్చుకొనును. అట్లే వెబ్ పుటలను నిర్మించువారును ముందుగా తయారై యున్న భాగములను తెచ్చి బిగించుకొందురు. ఇట్టి భాగములను కాంపొనెంట్లు అనియు, వాటి సముదాయమును లైబ్రరీ అనియు పిలుచుదురు. ఇచ్చట లైబ్రరీ అనగా పుస్తకములుండు ఇల్లు కాదు, విడిభాగముల కొట్టు.

అయితే ఇది వింత కొట్టు. ఇందులోని సరకు ఎందరు పట్టుకొనిపోయినను తరుగదు. అంతకంటె వింత ఏమనగా, ఓపెన్ సోర్స్ లైబ్రరీ అయినచో ప్రతి భాగము ఎట్లు తయారైనదో విప్పి చూచుటకును, తనకు కావలసినట్లు మార్చుకొనుటకును, ఆ మార్పును తిరిగి కొట్టునకే ఇచ్చుటకును ఎవరికైనను హక్కు కలదు. ఈ హక్కు దయతో ఇచ్చినది కాదు, ఎం.ఐ.టి. లైసెన్సు, అపాచీ లైసెన్సు వంటి వ్రాతపూర్వకమైన అనుమతులలో ఉన్నది.

ఒక ఇంటిలోని తలుపు బందు విరిగినచో ఆ ఇంటివారికే ఇబ్బంది. కాని లైబ్రరీలోని ఒక బటన్‌లో లోపమున్నచో ఆ బటన్‌ను తెచ్చుకొన్న వేలాది పుటలన్నిటిలోను అదే లోపముండును. అట్లే దానిని ఒక్కచోట సరిచేసినచో ఆ మేలు అన్ని పుటలకును అందగలదు. ఇతరుల లైబ్రరీకి ఒక చిన్న సవరణ పంపుటకు ఇంత ప్రాముఖ్యము ఏలనో ఇందువలన తెలియుచున్నది.

కొత్త మాటలు చేర్చుకొనగల భాష

టిమ్ బెర్నర్స్-లీ జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయములో పనిచేయుచు 1989లో వెబ్‌ను ప్రతిపాదించెను. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ ఆ సాఫ్ట్‌వేరును ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని ప్రకటించినది. వెబ్ పుటను వ్రాయు భాష హెచ్‌టీఎంఎల్. పేరా, శీర్షిక, బొమ్మ, బటన్ మున్నగు వాటికి ఆ భాషలో ఒక్కొక్క గుర్తు కలదు. దానిని ట్యాగు అందురు. బ్రౌజరు ఈ ట్యాగులను చదివి పుటను తెరపై చిత్రించును. కాని చాలకాలము ఈ పదజాలము బిగువుగా ఉండెను. బ్రౌజరులను తయారుచేయువారు ఇచ్చిన ట్యాగులే ట్యాగులు. అంచెల రేటింగు చుక్కలు కావలెనన్నను, రంగుల పలక కావలెనన్నను వాటికి ట్యాగు లేదు. ప్రతి నిర్మాతయు ఉన్నవాటినే ఒకదానిలో ఒకటి పేర్చి, జావాస్క్రిప్టుతో కట్టి, ఎట్లో ఆ రూపము తెప్పించుకొనుచుండెను.

ఈ బిగువును సడలించుటకే వెబ్ కాంపొనెంట్ల భావము పుట్టినది. 2011లో అలెక్స్ రస్సెల్ అను ఇంజనీరు ఫ్రాంటియర్స్ సమావేశములో దీనిని వెల్లడించెను. 2013లో గూగుల్ సంస్థ పాలిమర్ అను లైబ్రరీ ద్వారా దానిని ప్రయోగించి చూచినది. ప్రమాణములు కుదిరి, నేటి రూపములో క్రోమ్‌లోనికి 2016లోను, సఫారీలోనికి 2016, 2017 సంవత్సరములలోను, ఫైర్‌ఫాక్స్‌లోనికి 2018 అక్టోబరులోను, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లోనికి 2020 జనవరిలోను ఇది వచ్చినది. ఆలోచన పుట్టుటకును అన్ని ప్రధాన బ్రౌజరులలో నెలకొనుటకును నడుమ తొమ్మిదేండ్లు పట్టినదన్నమాట. వెబ్‌లో అన్నియు తెల్లవారులోపల మారునని అనుకొనువారు దీనిని గమనింపవలయును.

నిర్మాత తానే ఒక కొత్త ట్యాగును కల్పించి, అది ఎట్లు కనుపించవలయునో, నొక్కినపుడు ఏమి చేయవలయునో బ్రౌజరునకు నేర్పగలుగుట ఇందలి ముఖ్యాంశము. దీనికి ఒక నియమము కలదు. కల్పిత ట్యాగు పేరులో తప్పనిసరిగా ఒక చిన్న అడ్డుగీత ఉండవలయును. హెచ్‌టీఎంఎల్ ప్రమాణములో మున్ముందు చేరబోవు ట్యాగులకు అడ్డుగీత ఉండదు గనుక ఇద్దరి పేర్లు ఎన్నటికిని ఢీకొనవు. కోరీ లవిస్కా అను అమెరికా ప్రోగ్రామరు ఆరంభించిన షూలేస్ లైబ్రరీలో బటన్‌కు ‘ఎస్‌ఎల్-బటన్’ అని పేరు పెట్టుట ఈ నియమమునకు ఉదాహరణము. ముందున్న రెండక్షరములు కొట్టు పేరు, తరువాతిది సరకు పేరు.

ప్రహరీగోడ

బయట తెచ్చిన భాగమును పుటలో బిగించినపుడు ఒక చిక్కు వచ్చును. పుటలోని అలంకార సూత్రములు, అనగా సీఎస్‌ఎస్ నియమములు, పుట అంతటికిని వర్తించును. “బటన్‌లన్నియు ఎర్రగా ఉండవలయును” అని పుట రచయిత వ్రాసినచో తెచ్చిన క్యాలెండరులోని బటన్‌లు కూడ ఎర్రబడును. క్యాలెండరు రచయిత వ్రాసిన సూత్రము పుటలోని మిగిలిన భాగములను పాడుచేయవచ్చును. దీనిని అరికట్టుటకు ప్రతి భాగము చుట్టును షాడో డామ్ అను ఒక ప్రహరీగోడ కట్టుదురు. బయటి సూత్రములు గోడ దాటి లోనికి రావు, లోపలివి బయటికి పోవు.

అయితే గాలి వెలుతురు రాని ఇల్లు నివాసయోగ్యము కాదు. అక్షరముల రంగు, లిపిరూపము అనగా ఫాంటు వంటి కొన్ని గుణములు వంశానుగతముగా లోనికి ప్రవహించును. అందువలననే పుటకు తెలుగు ఫాంటు పెట్టినచో లోపలి మాటలు కూడ సాధారణముగా ఆ ఫాంటులోనే కనుపించును. ఇవిగాక, బయటివారు మార్చదగిన రంగులు, కొలతలు ఏవో భాగము రచయిత స్వయముగా పేర్కొని కిటికీలవలె తెరచి ఉంచవచ్చును. ఏ కిటికీ తెరవవలయును, ఏది మూయవలయును అనునది లైబ్రరీ నిర్మాణములో మిక్కిలి కష్టమైన నిర్ణయము. ఒకసారి తెరచి వాడుకలోనికి వచ్చిన కిటికీని తరువాత మూసినచో దానిపై ఆధారపడిన పుటలన్నియు చెడును.

ఈ గోడయే ఒక్కొక్కప్పుడు అడ్డమగును. సాధారణమైన పుటలో ‘మీ పేరు’ అను మాటను ప్రక్కనున్న గడికి ఒక గుర్తింపు పేరుతో ముడివేయుదురు. చూపులేనివారు వాడు తెరపాఠక సాఫ్ట్‌వేరు ఈ ముడిని పట్టుకొని, గడి వద్దకు రాగానే “మీ పేరు” అని పైకి చదువును. గడి గోడకు లోపలను, మాట వెలుపలను ఉన్నపుడు ఆ గుర్తింపు పేరు గోడ దాటదు, ముడి తెగిపోవును. కంటితో చూచువానికి మాట, గడి ప్రక్కప్రక్కననే ఉన్నవి గనుక లోపమే తెలియదు. ఇట్టి చిక్కులను తగ్గించుటకు కల్పిత ట్యాగు కూడ దరఖాస్తులోని సాధారణ గడివలె పాల్గొనునట్లు ఒక సదుపాయము వచ్చినది. క్రోమ్ దానిని 2019లోను, ఫైర్‌ఫాక్స్ 2022లోను, సఫారీ 2023లోను చేర్చుకొన్నవి. అయినను దానిని సరిగా వాడుకొను బాధ్యత లైబ్రరీ రచయితలదే.

లోపమును ఎవరు కనుగొందురు

లైబ్రరీ రచయిత ఎంత నిపుణుడైనను అతనికి తన కన్నులు, తన భాష, తన యంత్రము మాత్రమే ఉన్నవి. తనకు తగులని లోపము అతనికి కనుపించదు. ఓపెన్ సోర్స్‌లో పరులు పాల్గొనుటలోని నిజమైన విలువ ఇచ్చటనే ఉన్నది. ఉచిత శ్రమ దొరకుటలో కాదు.

బటన్ సంగతియే తీసికొందము. హెచ్‌టీఎంఎల్‌లోని అసలు బటన్‌ను వాడక, ఒట్టి పెట్టెకు రంగువేసి బటన్‌వలె చూపువారు కలరు. మౌస్‌తో నొక్కినపుడు అది చక్కగా పనిచేయును. కాని కీబోర్డుపై ట్యాబ్ మీట నొక్కుచు పోవువానికి ఆ పెట్టె వద్ద ఆగుటయే ఉండదు; ఎంటర్ నొక్కినను, స్పేస్ నొక్కినను చలనముండదు. తెరపాఠకము దానిని బటన్ అని చెప్పదు. మౌస్ వాడలేనివానికి, చూపులేనివానికి ఆ దరఖాస్తు అచ్చటనే ముగిసిపోవును. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశములో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో చూపునకు సంబంధించిన లోపము గలవారు 50 లక్షలకు పైబడి ఉన్నారు. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టము సమాచార సాధనములు వారికి అందుబాటులో ఉండవలెనని శాసించుచున్నది. ఎన్‌వీడీఏ అను ఉచిత తెరపాఠకము, దానితో వచ్చు ఈస్పీక్ ఎన్‌జీ అను స్వరయంత్రము సాయముతో తెలుగును కూడ చదువగలదు. ఈ రెండును ఓపెన్ సోర్సులే.

రంగుల విషయములో లోపమును గణితముతో పట్టుకొనవచ్చును. తెల్లని పుటపై పలుచని బూడిదరంగు అక్షరములు వేయుట నేటి మోజు. అక్షరమునకును నేపథ్యమునకును ఎంత భేదముండవలయునో వెబ్ అందుబాటు ప్రమాణములు నిర్ణయించినవి. తెలుపు కాంతిని 1 అనియు, నలుపు కాంతిని 0 అనియు తీసికొని, రెంటికిని 0.05 చేర్చి, పెద్దదానిని చిన్నదానిచే భాగింపవలయును. తెలుపు మీద నలుపునకు ఈ నిష్పత్తి 1.05ను 0.05చే భాగించగా 21 వచ్చును. అంతకంటె ఎక్కువ లేదు. సామాన్య పరిమాణపు అక్షరములకు ఇది 4.5కు తగ్గరాదు. తెరపై బూడిదరంగులను 0 మొదలు 255 వరకు సంఖ్యలతో గుర్తింతురు. 118వ సంఖ్య రంగునకు కాంతి 0.1812, నిష్పత్తి 4.54. అది ప్రమాణములో నిలిచినది. 119వ సంఖ్యకు కాంతి 0.1845, నిష్పత్తి 4.48. అది తప్పినది. కంటికి ఈ రెండు రంగులలో తేడా ఏమాత్రము కనుపించదు. కాని ఎచ్చటనో ఒక గీత గీయక తప్పదు కదా. “రంగు బాగుండలేదు” అని వ్రాసిన ఉత్తరమునకును, “ఈ రంగునకు నిష్పత్తి 4.48 మాత్రమే వచ్చుచున్నది” అని వ్రాసిన ఉత్తరమునకును గల భేదము విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక తెలుగు లిపి. ఇంగ్లీషు అక్షరములు చాలవరకు ఒక వరుసలో ఒదిగి నిలుచును. తెలుగులో పైన గుడులు, ఏత్వములు, క్రింద ఒత్తులు ఉండును. ‘స్త్రీ’ అను అక్షరమునకు పైన దీర్ఘము, క్రింద రెండు ఒత్తులు. బటన్‌లోని వరుస ఎత్తును అక్షర పరిమాణముతో సమానముగా బిగించి, దాటినదానిని దాచివేయుమని సూత్రము వ్రాసినచో ఒత్తులు సగమునకు తెగును. ‘రాష్ట్రము’ క్రింది ఒత్తులు తెగిన బటన్‌ను చూచి తెలుగువాడు వెంటనే గుర్తుపట్టును. ఇంగ్లీషు మాటలతో మాత్రమే పరీక్షించినవానికి అది ఎన్నటికిని కనుపించదు.

ఒక సవరణ నడిచే దారి

లోపము కనుగొన్న తరువాత ఏమి జరుగునో ఒక ఊహా ఉదాహరణముతో చూతము. వాడుకరి ఫోటో లేనిచో అతని పేరులోని మొదటి అక్షరమును ఒక వృత్తములో చూపు భాగము పలు లైబ్రరీలలో ఉన్నది. దానిని ‘అవతార్’ అందురు. సంస్కృతమునుండి ఇంగ్లీషునకు పోయి, అచ్చటినుండి కంప్యూటరులోనికి దిగిన మాట ఇది. ఒక పాఠశాల విద్యార్థిని ఒక లైబ్రరీలోని ఈ భాగములో తన తరగతివారి పేర్లు ఒక్కొక్కటిగా వేసి చూచినదనుకొందము. ‘లక్ష్మి’ అను పేరునకు ‘ల’ వచ్చినది. ‘రవి’కి ‘ర’ వచ్చినది. ‘సీత’కు మాత్రము ‘స’ వచ్చినది. ‘శ్రీనివాసు’కు ‘శ’ వచ్చినది.

కారణము యూనికోడులో ఉన్నది. కంప్యూటరు తెలుగును అక్షరములుగా దాచదు. హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు వేర్వేరు సంకేతములు. ‘శ్రీ’ అనగా శకారము, పొల్లు, రకారము, దీర్ఘమైన గుడి కలిసి నాలుగు సంకేతములు. ‘శ్రీనివాసు’ మనకు నాలుగక్షరముల పేరు. జావాస్క్రిప్టు లెక్కలో దాని పొడవు 10. “మొదటి స్థానములోనిది తీయుము” అని వ్రాసిన కోడు ఆ పదింటిలో మొదటిదైన శకారమును మాత్రము తీయును. ‘లక్ష్మి’, ‘రవి’ పేర్లలో మొదటి అక్షరము ఒట్టి హల్లే గనుక లోపము బయటపడలేదు. ఆ రెండు పేర్లతోనే పరీక్ష ముగించియున్నచో భాగము నిర్దోషమని తేలియుండెడిది.

లిపిలోని ఈ కూర్పును పెద్ద సంస్థలు కూడ పొరపడిన సందర్భములున్నవి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరమును ఒక ప్రత్యేక క్రమములో, నడుమ కంటికి కనబడని ఒక సంకేతముతో పంపినచో ఐఫోనులలోని పలు అప్లికేషనులు ఆగిపోయినవి. ఆపిల్ సంస్థ అదే నెల 19న విడుదల చేసిన 11.2.6 కూర్పులో దానిని సరిచేసినది. ఆ సాఫ్ట్‌వేరు మూలము బయటివారికి తెరచియుండలేదు గనుక అంతవరకు తెలుగువారు చేయగలిగినది వేచియుండుటయే. ఓపెన్ సోర్స్ లైబ్రరీలో అట్లు కాదు.

విద్యార్థిని మొదట చేయవలసినది కోడు వ్రాయుట కాదు. అదే లోపమును ఇంతకు ముందెవరైనను తెలిపిరేమో వెదకవలయును. లేనిచో ఆ లైబ్రరీ యొక్క ఫిర్యాదు పుటలో, దానినే ఇష్యూ అందురు, సంగతి తెలుపవలయును. ఏ పేరు వేసినది, ఏమి రావలయును, ఏమి వచ్చినది, బ్రౌజరు ఏది, లైబ్రరీ కూర్పు సంఖ్య ఎంత, ఇవన్నియు అందులో ఉండవలయును. తెలుగు చదువలేని పరదేశపు రచయిత కూడ అదే ప్రయోగమును తన బల్ల మీద తిరిగి చేసి అదే ఫలితమును పొందునట్లు వ్రాసినచో సగము పని అయినట్లే. ‘సీ’ అనునది ఒకే అక్షరమని అతనికి తెలియదు. దానిని రెండు వాక్యములలో వివరింపవలయును.

పిమ్మట కోడు. ఈ లైబ్రరీలలో అనేకము గిట్‌హబ్ అను చోట ఉన్నవి. అది 2008లో వెలసినది. 2018లో మైక్రోసాఫ్ట్ కొన్నది. దానికి ఆధారమైన గిట్ అను సాధనమును లినక్స్ కొరకు లినస్ టోర్వాల్డ్స్ 2005లో వ్రాసెను. ఎవరు, ఎప్పుడు, ఏ పంక్తిని మార్చిరో గిట్ చిట్టావలె నమోదు చేయుచుండును. అసలు ప్రతిని ఎవరును ముట్టుకొనరు. విద్యార్థిని తన పేరిట ఒక నకలు తీసికొని, అందులో ఒక శాఖను చీల్చి, మార్పును అచ్చటనే చేయును. ఆ మార్పును అసలు ప్రతిలో కలుపుకొనుడని చేయు విన్నపమునకు పుల్ రిక్వెస్ట్ అని పేరు.

మార్పు చిన్నదే. వచనమును చదువరి దృష్టిలోని అక్షరములుగా విడదీయు సదుపాయము బ్రౌజరులలోనే ఉన్నది. మొదటి సంకేతమునకు బదులు ఆ సదుపాయమిచ్చిన మొదటి ముక్కను తీసికొన్నచో చాలును. ‘సీత’కు ‘సీ’ వచ్చును. మరి ‘శ్రీ’? ఇచ్చట ఒక మెలిక ఉన్నది. పాత నియమముల ప్రకారము పొల్లు వద్ద ముక్క విరుగును. ‘శ్’ ఒక ముక్క, ‘రీ’ మరొకటి. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడు 15.1 కూర్పు తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులలో పొల్లుతో కలిసిన హల్లులను విడదీయరాదను నియమమును చేర్చినది. దానిని గ్రహించిన బ్రౌజరు ‘శ్రీ’ని పూర్తిగా ఇచ్చును, గ్రహింపనిది ‘శ్’ అని ఇచ్చును. పైగా ఫైర్‌ఫాక్స్‌లోనికి ఈ సదుపాయమే 2024 ఏప్రిలులో గాని రాలేదు. కావున సదుపాయము లేని బ్రౌజరులో ఏమి చేయవలయునో కూడ కోడులో ఉండవలయును.

మార్పుతోపాటు పరీక్షలను పంపుట ఆచారము. ‘సీత’ అని వేసినచో ‘సీ’ రావలయును, ‘లక్ష్మి’ అనినచో ‘ల’ రావలయును అని వ్రాసి ఉంచినచో యంత్రము తనంతట తానే వాటిని సరిచూచును. ఇక మీదట ఎవరు ఏ మార్పు పంపినను ఈ పరీక్షలు మరల జరుగును. పదేండ్ల తరువాత తెలుగు తెలియనివాడు ఆ పంక్తిని పాడుచేయబోయినను పరీక్ష అడ్డుపడును. సవరణకంటె పరీక్షకే ఆయుస్సు ఎక్కువ అనవచ్చును.

అప్పుడు లైబ్రరీ పెద్దలలో ఒకరు చదివి ప్రశ్నలు వేయుదురు. తమిళములో ఏమగును? తమిళమునకు ఆ కొత్త నియమము చేర్చలేదు. అచ్చట పొల్లును చుక్కగా పెట్టి అక్షరములను విడిగా వ్రాయుటయే పరిపాటి. పొడవైన జాబితాలో వందల పేర్లున్నచో పుట నెమ్మదించునా? సవరణలో సంబంధములేని రంగు మార్పు ఏల చేరినది? చివరి ప్రశ్న తరచు వచ్చును. ఒక విన్నపములో ఒక మార్పే ఉండవలయుననునది దాదాపు ప్రతిచోటను ఉన్న నియమము. ఈ ప్రశ్నలను నిందలుగా భావించి మధ్యలో విరమించువారు పెక్కుమంది.

పెద్దల పక్షమునుండి కూడ చూడవలయును. వారిలో పలువురు వేరొక ఉద్యోగము చేయుచు తీరికవేళలలో ఈ పని చూచువారే. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అను ఉత్సవములో నాలుగు విన్నపములు పంపినవారికి ఒక చొక్కా బహుమానమని ప్రకటించగా, వివరణ పుటలో ఒక మాట చేర్చి, ఒక మాట తీసి పంపినవారు తండోపతండములుగా బయలుదేరిరి. లైబ్రరీ పెద్దలు వాటిని త్రోసిపుచ్చుటలోనే దినములు గడిపిరి. ఆ నెలలోనే నిర్వాహకులు నియమము మార్చి, ముందుగా సమ్మతించిన ప్రాజెక్టులకు పంపినవే లెక్కకు వచ్చునని నిర్ణయించిరి. నేడు కృత్రిమ మేధ వ్రాసియిచ్చిన కోడును తాము చదువకయే పంపువారి వలన అదే బాధ వేరొక రూపములో వచ్చుచున్నది. పంపినవారికి ఒక నిమిషము, చదువువారికి ఒక గంట. పెద్ద సంస్థలకైనను నిర్వాహకుల కొరత తప్పదు. మెటీరియల్ వెబ్ అను తన లైబ్రరీకి కొత్త భాగములు చేర్చుట నిలిపి, నిర్వహణకే పరిమితము చేయుచున్నట్లు 2024లో గూగుల్ ప్రకటించినది.

కోడు తెలియనివారికి

జావాస్క్రిప్టు రానివారు కూడ చేయదగిన పని ఒకటి ఉన్నది. భాగములలో కొన్ని మాటలు లోపలనే దాగియుండును. మూసివేత గుర్తు మీదికి తెరపాఠకము వచ్చినపుడు “మూయుము” అని చెప్పవలయును. సంకేతపదము ప్రక్కనున్న కన్ను బొమ్మకు “సంకేతపదము చూపుము” అని చెప్పవలయును. షూలేస్‌లో ఇట్టి మాటలు ఇరువదికి పైగా ఉండెను. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క చిన్న దస్త్రము. అందులో భాష పేరు, వ్రాయు దిశ, ఆ మాటలకు అనువాదములు. అరబ్బీ, హీబ్రూ భాషలకు దిశ కుడినుండి ఎడమకు. పట్టికలో ఎన్ని అంశములు ఎన్నుకొనబడినవో చెప్పు వాక్యములో వ్యాకరణము కూడ ప్రవేశించును. ఒకటైనచో “1 అంశము ఎన్నుకొనబడినది”, ఎక్కువైనచో “5 అంశములు ఎన్నుకొనబడినవి”. క్రియ కూడ మారును. తెలుగునకు ఏకవచన బహువచనములు రెండే చాలును. అరబ్బీకి ఆరు విధములు కావలయును.

ఈ పనిని తెలుగు తరగతిలోనే చేయవచ్చును. ‘లోడింగ్’ అను మాటకు ఏమి వ్రాయవలయును? ‘భారమగుచున్నది’ అనినచో నవ్వు వచ్చును. ‘వచ్చుచున్నది’ అనవచ్చును, ‘లోడ్ అవుతోంది’ అనవచ్చును. చెవితో వినువానికి తెరపాఠకము ఏ మాట పలికినచో వెంటనే అర్థమగునో దానిని ఎన్నుకొనుట మేలు. నిఘంటువును ముందుంచుకొని వ్రాసిన అనువాదములు ఇచ్చట తరచు తప్పుదారి పట్టును.

కలిసిన తరువాత

విన్నపము అంగీకృతమైనచో మార్పు అసలు ప్రతిలో కలియును. కాని అది నాడే పుటలకు చేరదు. లైబ్రరీకి కొత్త కూర్పు విడుదల కావలయును. కూర్పు సంఖ్యలో మూడు అంకెలుండును. 2.4.1 అను కూర్పులోని తప్పును దిద్దినచో 2.4.2 అగును. పాతదానికి భంగము లేకుండ కొత్త సదుపాయము చేర్చినచో 2.5.0. పాత పుటలు చెడునట్టి మార్పు చేయవలసివచ్చినచో 3.0.0. ఈ సంఖ్య చూచియే పుట నిర్మాత కొత్త కూర్పునకు మారుటలో ఎంత అపాయమున్నదో అంచనా వేసికొనును. అవతార్ సవరణ మూడవ అంకెలో చేరవలసినది. అయినను ఒక చిక్కు. ‘శ’ వచ్చినపుడు సరిపోయిన వృత్తములో వెడల్పైన ‘శ్రీ’ పట్టునా? పట్టనిచో అక్షరము వృత్తము అంచునకు తగులును. దానికి వేరొక ఫిర్యాదు, వేరొక సవరణ.

కూర్పు వెలువడిన తరువాత కూడ పుట నిర్మాతలు తమ పుటలలోని పాత కూర్పును తీసి కొత్తది పెట్టవలయును. అనుదినము చూచుకొను సంస్థలు వారములలో మార్చుకొనును. 2021లో ఒకసారి నిర్మించి, పిమ్మట ఎవరును తాకని కళాశాల వెబ్ పుటలో శ్రీనివాసు పేరునకు వృత్తములో ‘శ’ మాత్రమే ఇంకను కనుపించుచుండును.